నిర్దోషి రంపం

...అయినా ఒక వస్తువు చెడిపోయిందని ఒప్పుకోవడానికి మనిషికి అంత సిగ్గెందుకు? చెడింది వస్తువు కదా, తను కాదు కదా. పాచిపోయిన కూర పారబోసేటప్పుడు ఎవరూ తల దించుకోరు. మరి ఈ ఉక్కు పట్టీని కొలిచిన ప్రతిసారీ తన తల ఎందుకు వంగిపోతోంది? దశరథం ఈ ప్రశ్న వేసుకుంటూనే మళ్ళీ కొలిచాడు. ఇది ఏడోసారి. మొదటి ఆరుసార్లు వచ్చిందే వచ్చింది. పాత రంపంలో పట్టీ మందం రూపాయి బిళ్ళంత. కొత్తదాంట్లో శుభలేఖ అట్టంత.

ఎనిమిదోసారి కొలిస్తే పెరుగుతుందని ఆశా? కావచ్చు. మనిషి తాళం వేసిన తలుపును మళ్ళీ వెనక్కి వచ్చి లాగి చూస్తాడు. అది అనుమానం. తనది దానికి తలకిందులు. తాళం వేయలేదని తెలిసీ, పడి ఉంటే బాగుండునని లాగి చూడటం.

వనసంపద సంస్థ కొండమెట్ల డివిజన్ వర్క్‌షాపులో దశరథం యంత్ర పరీక్షకుడు. ముప్ఫై ఏళ్ళుగా అదే బల్ల, అదే స్టూలు. బల్ల మీద ఎర్రరంగు చైను రంపం లోపలి భాగాలు బయటపెట్టుకుని పడి ఉంది. ఓల్బర్గ్ రంపం. సంస్థ మరో కంపెనీ రంపం కొని ఎరగదు. అడవిలో పనిచేసేవాళ్ళు రంపం అనరు, ఓల్బరు అంటారు. 'ఓల్బరు పట్టుకొచ్చావా?' అంటే రంపం తెచ్చావా అని.

చైను రంపానికి ముందు పిడి దగ్గర అరచేయంత రేకు ఒకటి ఉంటుంది. కొయ్యలో చిక్కుకుని రంపం మనిషి మీదికి ఎగిరినప్పుడు అతని మణికట్టు ఆ రేకును ముందుకు తోస్తుంది. తోయగానే లోపలి ఉక్కు పట్టీ బిగుసుకుని, తిరుగుతున్న చైను కంటిరెప్ప పడేలోగా ఆగిపోవాలి. బ్రేకు అంటే అంతే. ఇరవై మూడు రోజుల కిందట కుంజం ఎర్రయ్య చేతిలో రంపం ఎగిరింది. మణికట్టు రేకును తోసింది. చైను ఆగలేదు. ఎడమ భుజంలో దిగి, ఎముక తగిలాక ఆగింది. ఆ రోజు సక్రమంగా పనిచేసిన బ్రేకు ఎర్రయ్య ఎముక ఒక్కటే.

పంతొమ్మిదేళ్ళ నుంచీ చెట్లు కొడుతున్న మనిషి ఎర్రయ్య. నేలమీద అగ్గిపెట్టె పెట్టి, టేకుమాను సరిగ్గా దానిమీద పడేలా కొట్టగలడు. దశరథం తన నివేదికలో ఈ అగ్గిపెట్టె సంగతి రాయలేదు. రెండే వాక్యాలు రాశాడు: 'బ్రేకు పట్టీ ఉండవలసిన మందంలో సగం కూడా లేదు. అందువల్ల చైను ఆగలేదు.'

నివేదిక మూడో రోజున తిరిగి వచ్చింది. అంచున ఎర్రసిరాతో 'చర్చించండి' అని ఉంది. ఆఫీసు భాషలో చర్చించండి అంటే మార్చండి అని.

డివిజనల్ మేనేజరు గౌరీపతిగారు అడవుల సంస్థలో పాతికేళ్ళుగా ఉన్నారు. ఆయన బల్ల మీది పెన్సిళ్ళు కూడా అటెండరే చెక్కి పెడతాడు.

"కూర్చోండి దశరథంగారూ. మీ నివేదిక సమగ్రంగా పరిశీలించాను. భాష బాగుంది. భావం నిబంధనలకు విరుద్ధంగా ఉంది."

"అందులో భావం ఏమీ లేదండి. కొలతలే."

"కొలతల్లోనే భావం దాక్కుంటుంది. సదరు రంపం ఆగలేదని మీ ఆరోపణ. సదరు రంపం ఓల్బర్గ్. అవునా?"

"అవునండి."

"పద్నాలుగో నిబంధన ఒకసారి చదవండి."

పుస్తకం అతని వైపు తిప్పారు. దశరథానికి చదవాల్సిన పనిలేదు. 'ఓల్బర్గ్ రంపంలో లోపం రాదు; వచ్చినచో అది వాడినవాని లోపము.' దాని కిందే ప్రమాద నివేదిక నమూనా. 'లోపము ఎవరిది?' అన్న ప్రశ్నకు పక్కన మూడు గడులు: పనివాడు, చెట్టు, వాతావరణం. ఏదో ఒకదాంట్లో టిక్కు పెట్టాలి.

"ఇది అప్పటి రంపం గురించి రాసిందండి."

"నిబంధనలో 'అప్పటి' అన్న మాట నాకు కనపడటం లేదే."

"కంపెనీ ఫ్యాక్టరీ మారిందండి. లోహం ఉన్నచోటల్లా ప్లాస్టిక్కు వచ్చింది. లోపలి పట్టీ..."

"పేరు మారిందా?"

"లేదండి."

"రంగు?"

"అదే ఎరుపండి."

"మరి మారిందేమిటి?" గౌరీపతిగారు నిజంగానే తెలుసుకోవాలనుకున్నట్టు అడిగారు. తర్వాత గొంతు తగ్గించారు. "చూడండి, మూడు దశాబ్దాల అనుబంధం. ఇవాళ మనం ఓల్బర్గ్‌ను శంకిస్తే, ఓల్బర్గే కొంటూ వచ్చిన పూర్వపు మేనేజర్లందరినీ శంకించినట్టు. వారిలో ఇద్దరు స్వర్గస్థులు. వారికి సంజాయిషీ ఇచ్చుకునే అవకాశం కూడా లేదు. అది సహజ న్యాయసూత్రాలకు విరుద్ధం."

దశరథం లేచి వచ్చేశాడు. పద్నాలుగో నిబంధన రాసింది తానేనన్న ఒక్క మాట మాత్రం చెప్పలేదు.

ఇరవై ఆరేళ్ళ కిందట తుపాను వచ్చి ఘాటురోడ్డు మీద చెట్లు అడ్డంగా పడ్డాయి. వాటి వెనక ఒక బస్సు ఇరుక్కుపోయింది. అందులో నిండు చూలాలు ఒకామె ఉంది. అప్పటికి కుర్రవాడైన దశరథం జోరువానలో ఓల్బర్గ్ పట్టుకుని పదకొండు మానులు కోశాడు. రంపం ఒక్కసారి కూడా ఆగలేదు, ఆపాలనుకున్నప్పుడు తప్ప. చివరి మాను దొర్లిపోయాక బస్సులో జనం చప్పట్లు కొట్టారు. జీవితంలో అతనికి ఎవరైనా చప్పట్లు కొట్టడం అదొక్కసారే. అవి తనకా, రంపానికా అన్నది అతను ఎప్పుడూ తేల్చుకోలేదు. తేల్చుకోవడం ఇష్టంలేక ఇద్దరికీ కలిపి ఉంచేసుకున్నాడు. ఆ వారమే కొనుగోళ్ళ సమీక్షకు అభిప్రాయం రాయమంటే ఆ వాక్యం రాశాడు. పైవాళ్ళకెవరికో నచ్చి, పేరు తీసేసి, అంకె తగిలించారు. అతను జన్మలో రాసిన ఒకే ఒక్క కవితాపాదం నిబంధనై కూర్చుంది.

అది తనదేనని గౌరీపతికి ఎందుకు చెప్పలేదు? భయమా? కాదు. ఆలోచించగా ఆలోచించగా అంతకంటే నీచమైన కారణం ఒకటి దొరికింది. ఆ వాక్యం ఇప్పటికీ తనకు బాగుందనిపిస్తోంది.

'చర్చించండి' అన్న కాగితాన్ని దశరథం మార్చకుండా సొరుగులో పెట్టేసరికి గౌరీపతిగారు కంపెనీకి రాశారు. కంపెనీ వారం తిరక్కుండా స్పందించింది. పట్టీలు పంపలేదు, డాక్టరుని పంపింది.

డాక్టర్ మాళవికగారి హోదా 'వినియోగ విశ్వాస సలహాదారు'. మెత్తగా, ప్రతి మాటకూ మధ్య కాస్త చోటు వదిలి, నిద్రపోతున్నవాళ్ళ పక్కన మాట్లాడినట్టు మాట్లాడుతుంది. నలభైమంది రంపం పనివాళ్ళను డిపో షెడ్డులో కూర్చోబెట్టి, వీళ్ళలో 'యంత్ర విముఖత' అనే మనోవ్యాధి ప్రబలుతోందని ప్రకటించింది. రంపం చెడిపోయిందనుకోవడం దాని మొదటి లక్షణం. చెడిపోయిన రంపాన్ని చూపించడం ముదిరిన లక్షణం.

నిర్ధారణ పరీక్షకు ఆవిడ ఖర్చులేని మార్గం కనిపెట్టింది. కొత్త రంపాలను ఒక్కొక్క తెల్ల అట్టమీద గంటసేపు పెట్టించింది. తీసి చూస్తే అట్టలన్నిటి మీదా నల్లటి మరకలు. ఒక్కో అట్టను మధ్యకు మడిచి విప్పి, ఒక్కొక్కరికీ చూపించింది.

"ఇందులో మీకు ఏం... కనిపిస్తోంది?"

సోయం లచ్చయ్య తల పక్కకు వాల్చి చాలాసేపు చూశాడు. "మా అత్తండి."

షెడ్డంతా గొల్లున నవ్వింది. డాక్టరుగారు నవ్వకుండా రాసుకుంది: 'కుటుంబ బంధం. ఆశాజనకం.'

తర్వాత ఎర్రయ్య వచ్చాడు. ఎడమచేయి మెడకు వేలాడగట్టి ఉంది. కుడిచేత్తో అట్ట తీసుకున్నాడు.

"ఆయిలండి," అన్నాడు.

"తొందరేం లేదు. మనసుతో... చూడండి."

"చైను ఆయిలేనండి అమ్మగారూ. ట్యాంకు అతుకు కాడ కారతంది. కొత్తయ్యన్నీ ఇంతేనండి. అదిగో, ఆ అట్ట మీద ఇంకా ఎక్కువ కారింది సూడండి."

'ఊహాశక్తి శూన్యం. యథార్థాన్ని పట్టుకుని వేలాడే స్వభావం,' అని రాసుకుని ఆవిడ ముందుకు వంగింది. "మీ చిన్నప్పుడు మీ నాన్నగారు మిమ్మల్ని... కొట్టేవారా?"

"బాగా కొట్టేవోడండి."

"అదీ సంగతి!" డాక్టరుగారి ముఖం వెలిగింది. "ఆ భయాన్నే మీరు రంపంలో చూస్తున్నారు."

"కాదండి. మా అయ్యకి బ్రేకుండేదండి. అమ్మ 'ఇంక సాల్లే' అంటే అక్కడికక్కడే ఆగిపోయేవోడు."

ఈసారి షెడ్డులో ఎవరూ నవ్వలేదు. లచ్చయ్య ఒక్కడు "ఆయ్" అని గట్టిగా తలూపాడు.

చికిత్స మర్నాటి నుంచే మొదలైంది. రోజూ పనికి ముందు పది నిమిషాలు రంపాన్ని ఒడిలో పెట్టుకుని నిమరాలి. దానికొక పేరు పెట్టుకుని, పేరుతోనే పిలవాలి. దాని మంచిగుణాలు మూడు బిగ్గరగా చెప్పాలి. డాక్టరుగారు వరసల మధ్య తిరుగుతూ వినేది.

"మీ రంపం పేరు?"

"సరస్వతమ్మండి. మా అత్త పేరే," అన్నాడు లచ్చయ్య.

"చాలా బాగుంది. సరస్వతమ్మ గుణాలు చెప్పండి."

"ఒక పట్టాన లేవదండి. లేసిందంటే ఆగదండి." కాసేపు తడుముకున్నాడు. "మూడోది అమ్మగారి ముందు సెప్పకూడదండి."

చికిత్స అయ్యాక ఆవిడ వర్క్‌షాపుకు వచ్చింది. దశరథం బల్ల ముందు నిలబడి, విప్పి పెట్టిన రంపాన్ని కాక అతన్ని చూసింది.

"మీకు విముఖత లేదండీ. మీకున్నది ప్రేమ. ఓల్బర్గ్ అంటే ఇక్కడ మీకున్నంత ప్రేమ ఇంకెవరికీ లేదు. దాన్ని ఈ కొలతల కింద అణిచేసుకుంటున్నారు. ఎందుకు మీ మీద మీకింత... కోపం?"

 ఈ నెలరోజుల్లో ఈ ఆవరణలో ఎవరైనా ఒక్క నిజం పలికారంటే అది ఈవిడే. అదీ ఆవిడ వృత్తికి అవసరమై పలికింది. నిజాన్ని కూడా పనిముట్టులా వాడుకోవచ్చని, వాడి పక్కన పెట్టేయవచ్చని దశరథానికి అప్పుడే తెలిసింది. తనలో ఏదో గుట్టు బయటపడినట్టు చెవులు వేడెక్కాయి. ఆవిడ వెళ్ళాక ఉక్కు పట్టీని తీసి కొలవబోయి, చేయి వెనక్కి లాక్కున్నాడు.

డాక్టరుగారి తుది నివేదిక ఒక్క పేజీ. అసంతృప్తికి మూలం పోలిక. డివిజన్‌లో ఇంకా తొమ్మిది పాత ఓల్బర్గులు పనిచేస్తున్నాయి. పక్కన అవి ఉన్నంతకాలం కొత్తవాటిని చూసి పనివాళ్ళు నొచ్చుకుంటూనే ఉంటారు. కావున పోలికను తొలగించాలి.

గౌరీపతిగారు ఆ సాయంత్రమే ఉత్తర్వు ఇచ్చారు. 'మితిమీరి పనిచేస్తున్నందున' తొమ్మిది పాత రంపాలనూ స్వాధీనం చేసుకోవడమైనది. ఎనిమిదింటిని రోడ్డు రోలరు కింద పెట్టి తొక్కించారు. మొదటిసారి తొక్కించినప్పుడు ఒకటి నలగలేదు, రెండోసారి తొక్కించాల్సి వచ్చింది. తొమ్మిదోదాన్ని ఆఫీసు వరండాలో అద్దాలపెట్టెలో పెట్టి దండ వేశారు. దశరథం తుపాను రోజున పట్టుకున్నది ఆ తొమ్మిదింటిలోదే. ఏది, నలిగినవాటిలోనిదా, అద్దం వెనకదా అని అతను వెళ్ళి చూడలేదు.

ఇక కోత మొదలైంది. టేకు చేవకు కొత్త చైను పళ్ళు రెండు రోజుల్లో మొద్దుబారాయి. పద్నాలుగో నిబంధన ప్రకారం రంపానికి లోపం రాదు. డాక్టరుగారి పుణ్యమా అని పనివాళ్ళకు నయమైపోయింది. ఆకాశం నిర్మలంగా ఉంది. మిగిలిందల్లా చెట్టు. గౌరీపతిగారు అడవికి ఒక బృందాన్ని పంపి, ఓల్బర్గుకు లొంగని మానులన్నిటికీ తెల్లసున్నంతో గుండ్రాలు గీయించారు. నాలుగు వందల పన్నెండు మానులను 'సహకరించని వృక్షములు' అన్న జాబితాలో చేర్చి, తదుపరి ఉత్తర్వుల వరకు వాటిని నరకరాదని ఆదేశించారు. అది చూసి పట్నం నుంచి పర్యావరణ సంఘంవాళ్ళు వచ్చి సంస్థకు 'వృక్షమిత్ర' బిరుదు ఇచ్చి వెళ్ళారు. గౌరీపతిగారు దాన్ని కూడా వార్షిక లక్ష్యాల్లో చూపించారు.

మరి రంపం కోయగలదని రుజువు ఉండాలి కదా. అందుకని మేనేజరుగారి బంగళా పెరట్లోని మునగచెట్టును ఎంపిక చేశారు. సరస్వతమ్మ దాన్ని పద్నాలుగు నిమిషాల్లో పడగొట్టింది. ఫోటో తీసి హెడ్డాఫీసుకు పంపారు.

నిజం చెప్పాలంటే ఇంతవరకూ దశరథానికి ఒక రకమైన ఊరటే ఉండేది. చెట్లు బతుకుతున్నాయి, మనుషులు నిమురుతూ కూర్చున్నారు, ఎవరికీ గాయం లేదు. వెర్రి ఈ మాత్రం దగ్గర ఆగితే దానితో సర్దుకుపోవచ్చు అనుకున్నాడు. అయితే వెర్రికి కూడా బ్రేకు పట్టీ శుభలేఖ అట్టంతే ఉంది. వర్షాలు వెనకబట్టాయి. అసలు కోత కాలం వచ్చేసింది. హెడ్డాఫీసు నుంచి కలప కోసం ఒత్తిడి వచ్చింది. 'సహకరించని' జాబితాను రద్దుచేసి, నలభైమందినీ నలభై రంపాలతో లోపలి అడవికి పంపాలని నిర్ణయించారు. లోపలి అడవి అంటే ఆస్పత్రికి ఆరుగంటల దూరం. పంపేముందు ప్రతి రంపం బ్రేకూ సరిగా ఉందని యంత్ర పరీక్షకుడు ధ్రువపత్రం మీద సంతకం పెట్టాలి.

దశరథం నలభై రంపాలనూ ఇంజను నడిపి, రేకు తోసి పరీక్షించాడు. ముప్ఫై ఒకటి ఆగలేదు.

"మీ పరీక్షా విధానంలోనే లోపం ఉంది," అన్నారు గౌరీపతిగారు. ఈసారి తనే స్వయంగా వర్క్‌షాపుకు వచ్చారు. ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకున్నారు. "ఇంజను నడుస్తుండగా బ్రేకును పరీక్షించడమేమిటి? యంత్రాన్ని రెచ్చగొట్టి, అది రెచ్చిపోయిందని ఫిర్యాదు చేస్తున్నారు."

"బ్రేకు ఉండేదే దానికోసం కదండి, నడుస్తున్నదాన్ని ఆపటానికి."

"ఇంధనం వృథా, శబ్ద కాలుష్యం. పైగా డాక్టరుగారి చికిత్సకు భంగం. ఇకమీదట పరీక్ష ఇంజను ఆపి జరగాలి. ఇలా." ఆయన ఒక రంపం దగ్గరకు వెళ్ళి, ఒంటివేలితో రేకును ముందుకు తోశారు. "చైను కదులుతోందా?"

"ఇంజనే ఆపి ఉంది కదండి."

"నేను అడిగింది కదులుతోందా, లేదా?"

"లేదండి."

"ఉత్తీర్ణం. తరువాతది."

అరగంటలో నలభైకి నలభై ఉత్తీర్ణమయ్యాయి. ఒకదానికి అసలు చైనే బిగించలేదు. అది మిగతావాటికంటే బాగా ఆగిందని గౌరీపతిగారు ప్రత్యేకంగా రాయించారు.

ధ్రువపత్రం మీద సంతకానికి ముహూర్తం కూడా పెట్టేశారు. ఓల్బర్గ్‌తో అనుబంధానికి ముప్ఫై ఏళ్ళు నిండిన సందర్భంగా డిపో ఆవరణలో 'విశ్వాసోత్సవం'. సంస్థ చైర్మన్ వస్తారు. కుంజం ఎర్రయ్య తన తప్పు ఒప్పుకుని, తనను గాయపరచిన రంపాన్నే తిరిగి అందుకుంటాడు. డాక్టరుగారి మాటల్లో అది 'రాజీ'. ఆ రంపం బ్రేకును వేదిక మీదే పరీక్షిస్తారు. దశరథం అందరి ఎదుటా సంతకం పెడతాడు. ఆ వెంటనే లారీలు బయలుదేరతాయి.

ముందురోజు మధ్యాహ్నం ఎర్రయ్య వర్క్‌షాపుకు వచ్చాడు. కట్టు విప్పేశారు. దశరథం టీ తెప్పించాడు. గ్లాసు అందుకోవడానికి ఎర్రయ్య ఎడమచేయి ఎత్తబోయి, సగంలో ఆపేసి, కుడిచేత్తో తీసుకున్నాడు.

"అంతవరకే లేస్తందండి," అన్నాడు, తన చేయి గురించి కాక ఏదో పాత కిటికీ రెక్క గురించి చెప్పినట్టు.

"ఆ చేత్తో రంపం పట్టగలవా?"

"పట్టాలి కదండి. సంతకం పెట్టేసాను."

"ఏమని?"

"తప్పు నాదేనని. రంపం మీద గౌరవం లేకపోబట్టే దెబ్బ తగిలిందని. డాక్టరమ్మ రాసిచ్చింది. రేపు సదవాలంట." టీ ఒక గుక్క తాగాడు. "రాత బాగుందండి. సదూతుంటే నాకే అనిపించింది, నిజంగా నాదేనేమోనని."

దశరథం ఉలిక్కిపడి చూశాడు. ఎర్రయ్య నవ్వుతున్నాడు, కాని వేళాకోళంగా కాదు.

"పెట్టకపోతే పనిలోంచి తీసేత్తారండి. అడివి తప్ప నాకు రెండో పని రాదు. అందుకని పెట్టేసాను. నేనొకటి అడుగుతానండి, ఏమీ అనుకోకండి."

"అడుగు."

"మీరు పెట్టకండి."

బయట లారీలకు తాళ్ళు కడుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"నేను అబద్ధమాడితే నా ఒక్క భుజమేనండి. అది ఎటూ పోయింది. మీరాడితే నలభైమందివి. ఆళ్ళు మీ సంతకం సూసే రంపం పట్టుకుంటారు. ఆ డాక్టరమ్మనీ, మేనేజరుగోర్నీ ఎవరు నమ్ముతారండి? దశరథంగోరు సంతకం ఎట్టారా అనే అడుగుతారు."

"నేను పెట్టకపోతే ఇంకెవరిచేతనైనా పెట్టిస్తారు ఎర్రయ్యా."

"ఎట్టించుకోనీండి. అప్పుడు మావోళ్ళు జాగర్తగా ఉంటారు."

గ్లాసు కడిగి బోర్లించి, ఎర్రయ్య వెళ్ళిపోయాడు.

దశరథం ఆ మిగిలిన పగలంతా దారులు వెతికాడు. సెలవు పెట్టేస్తే? జ్వరం తెచ్చుకోవడం కష్టం కాదు, అతని శరీరానికి చిన్నప్పటి నుంచీ ఆ నేర్పు ఉంది. సంతకం గిలికినట్టు పెడితే? అప్పుడు తప్పు కూడా చదవడానికి వీల్లేకుండా పోతుందా? 'పై అధికారుల ఆదేశానుసారం' అని పక్కన చిన్నక్షరాలతో రాస్తే? ప్రతి దారీ కొంతదూరం పోయి ఒకే చోట తేలుతోంది. తను సంతకానికి భయపడటం లేదు. ఆ సంతకం పెట్టాలని కోరుకుంటున్నాడు. పట్టీ సన్నబడలేదనీ, చప్పట్లు కొట్టించుకున్న ఆ రంపమే ఇదనీ, తన వాక్యం ఇంకా నిజమేననీ పదిమంది ఎదుట ఎవరైనా తనచేత బలవంతంగా ఒప్పిస్తే బాగుండునని లోపల ఒకడు చేతులు కట్టుకుని ఎదురుచూస్తున్నాడు. వాడు గౌరీపతి కంటే ప్రమాదకరం. గౌరీపతికి రంపం అంటే ఇష్టం లేదు. వీడికి ఉంది.

ఉత్సవం ఉదయం పదింటికి. షామియానా కింద చైర్మన్, ఆయన పక్కన గౌరీపతిగారు, ఆ పక్కన డాక్టరుగారు. ముందు వరసల్లో నలభైమంది కొత్త టోపీలు పెట్టుకుని కూర్చున్నారు. వెనక లారీలు ఇంజన్లు ఆపి నిలబడ్డాయి. వేదిక మధ్యలో ఎర్రగుడ్డ పరచిన బల్ల మీద ఎర్రయ్యను కోసిన రంపం. ట్యాంకులో పెట్రోలు నింపి, బొట్టు పెట్టి, బంతిపూల దండ వేశారు. ఎర్రగుడ్డ మీద ఆయిలు మరక అప్పుడే అరచేయంత అయింది.

గౌరీపతిగారు మైకు అందుకున్నారు. "గౌరవనీయులైన చైర్మన్ గారూ! ఈ రంపం కేవలం కొయ్యను కోసే పరికరం కాదు. ఇది సంస్థకూ, ఒక మహత్తరమైన పేరుకూ మధ్య ఉన్న అవినాభావ సంబంధానికి ప్రతీక. రంపాలు వస్తాయి, పోతాయి. విశ్వాసం నిలుస్తుంది. గడచిన కాలంలో కొందరు అపోహలకు లోనైన మాట వాస్తవం. శాస్త్రీయ చికిత్స ద్వారా ఆ అపోహలు సమూలంగా తొలగించబడినవని సవినయంగా మనవి చేస్తున్నాను."

ఎర్రయ్య లేచి, వేదిక ఎక్కి కాగితం చదివాడు. ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ, తప్పు తనదని, రంపం నిర్దోషి అని చదివాడు. చైర్మన్ కళ్ళు చెమర్చాయి. లచ్చయ్య టోపీ తీసి ముఖం మీద పెట్టుకున్నాడు.

"ఇప్పుడు బ్రేకు పరీక్ష," అన్నారు గౌరీపతిగారు. పూలదండ నలగకుండా వేలు జాపి, రేకును ముందుకు తోశారు. టక్కుమని చిన్న చప్పుడైంది. అందరూ చైను వైపు చూశారు. చైను కదలలేదు. చైర్మన్ చప్పట్లు కొట్టారు. షామియానా అంతా చప్పట్లు కొట్టింది.

దశరథం ఆ చప్పుడు విన్నాడు. ఇన్నేళ్ళలో రెండోసారి. చిత్రంగా, అది ఆనాటిదానిలాగే ఉంది. చప్పట్లకు తమను దేనికి కొడుతున్నారో తెలియదు. బస్సులోవాళ్ళకు ఆరోజు తెలుసు, అంతే తేడా.

"యంత్ర పరీక్షకులు శ్రీ దశరథంగారు ధ్రువీకరిస్తారు." గౌరీపతిగారు పెన్ను మూత తీసి అందించారు. కాగితం అట్టకు బిగించి ఉంది. సంతకం చోట పెన్సిలుతో చుక్కల గీత గీసి పెట్టారు.

ముందు వరసల్లో టోపీలన్నీ అతని చేతివైపే చూస్తున్నాయి. ఎర్రయ్య ఒక్కడు నేల చూస్తున్నాడు.

దశరథం పెన్ను తీసుకున్నాడు. కాగితం వైపు చూశాడు. చాలాసేపు చూశాడేమో, డాక్టరుగారు మెత్తగా "పెట్టండి, ఏం కాదు," అంది. అతను పెన్నుకు మూత పెట్టి గౌరీపతిగారి చేతికి తిరిగి ఇచ్చాడు. బల్ల మీది రంపాన్ని రెండు చేతులతో ఎత్తాడు. దండ జారి పడింది. రంపాన్ని వేదిక చెక్కల మీద ఆనించి, స్విచ్చి వేసి, వెనక పిడిలో కుడికాలి బూటు ముందుభాగం దూర్చి తొక్కిపట్టాడు. గౌరీపతిగారు తోసిన రేకు తోసినట్టే ఉంది. నిబంధన ప్రకారం బ్రేకు పడే ఉంది.

"అదేమిటి దశరథంగారూ? పరీక్ష పూర్తయింది. మీరు సంతకం చేస్తే చాలు."

"మీరు కాస్త వెనక్కి జరగండి సార్," అన్నాడు దశరథం. "ఎర్రయ్యా, నువ్వూ."

ఎర్రయ్య తల ఎత్తాడు.

దశరథం ఎడమచేత్తో ముందు పిడిని నేలకు అదిమి, కుడిచేత్తో ఇంజను నడిపే తాడు లాగాడు.